దొరకలేదు అనే మాటంటే నాకు భయం

భయం ఉన్నవాళ్లకే ఈ పని

మా బంధువుల పిల్ల ఒకతి ఫార్మసీ చదువు ముగించి, ఒక పెద్ద ఆసుపత్రిలో మందుల సమాచార విభాగంలో చేరింది. డాక్టర్లు ఫోన్ చేసి ఫలానా మందు ఫలానా రోగికి ఇవ్వచ్చా అని అడుగుతారు. ఈ పిల్ల కంప్యూటర్లో వైద్య పత్రికల వ్యాసాలు వెతికి జవాబు చెప్పాలి. "చాలా ఈజీ పెద్దమ్మా, రెండు మాటలు కొడితే అన్నీ వచ్చేస్తాయి," అంది. నాకు ఒళ్లు మండింది. దాంతోపాటు భయం కూడా వేసింది. అది పోయాక కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను.

నేను పావగడలో ఒక ధర్మాసుపత్రిలో మందులిచ్చేదాన్ని. పల్లెల నుంచి వచ్చేవాళ్లు నన్ను మందులమ్మ అనేవాళ్లు. బిళ్లలు లెక్కబెట్టి పొట్లం కట్టివ్వడం ఒక పని. నా అసలు పని అని నేననుకునేది వేరే. మా ఆసుపత్రిలో పాత పుస్తకాలు తప్ప ఏమీ ఉండేవి కావు. అందుకని పెద్దడాక్టరు తన సందేహాలన్నీ పోగుచేసి, నన్ను బస్సెక్కించి బెంగళూరులో ఒక వైద్య కళాశాల లైబ్రరీకి పంపేవారు. నేను వెతికి, చదివి, ఆయనకు వచ్చి చెప్పాలి. నేను చెప్పిన మాట మీద ఆయన చీటీ రాస్తారు. ఆ చీటీ మీద నేనే మందు ఇస్తాను. ఆ మందు మింగే మనిషి నా కళ్ల ముందే బెంచీ మీద కూర్చుని ఉంటుంది. ఇప్పటి పిల్లలకు ఆ బెంచీ కనిపించదు, అదే వాళ్లకున్న కష్టం.

ఈ పనిలోకి వచ్చే మీలో ఎవరికైనా వెతికేటప్పుడు భయం వేయకపోతే, మొహమాటం లేకుండా చెప్తున్నాను, వేరే ఉద్యోగం చూసుకోండి.

పెద్దడాక్టరు

ఆయనది తుమకూరు వైపు. ఇంట్లో కన్నడం, మాతో తెలుగు, కోపం వస్తే మళ్లీ కన్నడం. కోపం తరచుగానే వచ్చేది. మొదట్లో ఒకసారి నేను బెంగళూరు నుంచి వచ్చి, "ఆ మందు గురించి ఏమీ లేదు సార్," అన్నాను. కుర్చీలోంచి లేచారు.

"లేదా? నీకెవరు చెప్పారు లేదని? ఏ పేర్లతో వెతికావు, ఏయే సంవత్సరాలవి చూశావు, అది చెప్పు. వాటిలో నాకు దొరకలేదు సార్ అని చెప్పు. నువ్వు లేదంటే నేను భయం లేదనుకుని మందు రాసేస్తాను. నోడమ్మా, చూడు, ఆ తర్వాత ఇద్దరం కలిసి జైలుకు పోదాం."

నవ్వుతూ అన్నారేమోనని చూశాను. నవ్వలేదు. ఆ రోజు నుంచి 'దొరకలేదు' అనే మాట నోట్లోకి వచ్చినప్పుడల్లా ఇంకో పేరుతో మళ్లీ వెతుకుతాను. ఒక సంగతి ఎవరి కంటా పడకపోతే దాని గురించి ఎవరూ రాయరు. రాసినా నేను పిలిచిన పేరుతోనే రాసి ఉండాలని లేదు. ఒకే మందుకు కంపెనీ పెట్టుకున్న పేరొకటి, అసలు పేరొకటి, ఇంగ్లండువాళ్లు పిలిచేదొకటి, అమెరికావాళ్లు పిలిచేదొకటి ఉంటాయి. మన ఊళ్లో జ్వరం బిళ్ల పేరు అమెరికా వ్యాసంలో కనిపించకపోతే ఆ దేశంలో జ్వరాలే రావనుకున్న డాక్టర్లను కూడా చూశాను.

మొదట్లో లావుపాటి సూచీ సంపుటాలు ఉండేవి. దుమ్ములో కూర్చుని పేజీలు తిప్పాలి. తర్వాత అదే లైబ్రరీలో కంప్యూటరు పెట్టి, వ్యాసాల వివరాలన్నీ డిస్కుల్లోకి ఎక్కించారు. పని తొందరగా అయ్యేది. తొందరగా తప్పు చేయడం కూడా అప్పుడే మొదలైంది. ఇంకొకటి, సారాంశం ఒక్కటే చదివి లేచి వచ్చేవాళ్లతో నాకు పడదు. 'రోగులు మందును బాగా తట్టుకున్నారు' అని సారాంశంలో రాసి ఉంటుంది. ఎవరా రోగులు? కడుపునిండా తిని పడుకున్న వాళ్లా, కరువులో గంజి తాగి వచ్చి బిళ్ల మింగే మనవాళ్లా? అది వ్యాసం లోపలి పేజీల్లో ఉంటుంది. అంతదాకా పోవాలి.

ఇవన్నీ ఏ పాఠంలోనైనా చెప్తారు. నాగరత్న సంగతి మాత్రం నేనే చెప్పాలి.

తిన్న గడియకే వస్తాది

ఆరుద్ర కార్తె. అంతకుముందు ఏడు వేసిన వేరుశనగ వేసినట్టే ఎండిపోయింది. ఆ ఏడు కూడా మబ్బు పట్టేది, గాలికి పోయేది. ఊళ్లో ఏ ఇద్దరు కలిసినా తలెత్తి ఆకాశం వైపు చూసి మాట్లాడుకునేవాళ్లు.

అలాంటి రోజుల్లో అరసికెరె వైపు పల్లె నుంచి నాగరత్నను తెచ్చారు. ఇరవై నిండినట్టు లేదు. నెల బాలింత. మగపిల్లవాడు, బాగున్నాడు. వెంట భర్త తిప్పేస్వామి, అత్త హనుమక్క. హనుమక్క మనిషి పొడుగు, గొంతు ఇంకా పొడుగు. ఆమె వార్డులోకి వస్తే నర్సులు కూడా పక్కకు జరిగేవాళ్లు.

"కూడు తిన్న గడియకే వస్తాదమ్మా. తిన్నంతసేపు బాగుంటాది. అంతలోకే మొగం కందిపోతాది, కండ్లు ఎర్రగా అయితాయి, గుండె దడదడ కొట్టుకుంటాది. కక్కుకుంటాది. ఆమీట సల్లగా అయిపోయి కండ్లు తేలేస్తాది," అంది హనుమక్క. "బాలింతకి పెట్టల్సినవన్నీ పెడతానే ఉండా. యాడా తక్కువ చెయ్యలే. కోడలికి ఆ ఇంట్లో తక్కువ చేసినారని ఎవురూ అనకూడదు."

చేరిన రోజు సాయంత్రమే మా ఎదుట వచ్చింది. అప్పుడే అన్నం తిని, పిల్లవాడికి పాలిస్తూ నాతో మాట్లాడుతున్న అమ్మాయి ఉన్నట్టుండి గుండె మీద చేయి పెట్టుకుంది. మెడనరాలు కొట్టుకోవడం నాకు దూరం నుంచే కనిపించింది. మొహం వాచినట్టు కందిపోయింది. "అక్కా, నేను సచ్చిపోతా ఉండా, బిడ్డను పట్టుకో," అంది. నేను పిల్లవాణ్ని అందుకునేలోపే పక్కకు ఒరిగిపోయింది. రక్తపోటు అంతగా పడిపోయిందంటే నమ్మలేక నర్సు మళ్లీ చూసింది. సెలైన్ పెట్టి, కాళ్లు ఎత్తిపెట్టి, చాలాసేపటికి మనిషిని తెచ్చుకున్నాం. తెల్లారి చూస్తే ఏమీ జరగనట్టు కూర్చుని ఇడ్లీ తింటోంది. నాకు ఆ ఇడ్లీ తినడం చూస్తేనే ఎక్కువ భయం వేసింది.

పెద్దడాక్టరు అడగాల్సినవన్నీ అడిగారు. పొలంలో పురుగుల మందు కొట్టారా అని కూడా అడిగారు.

"యాడిది సార్," అన్నాడు తిప్పేస్వామి. "ఇంకా ఇత్తనమే పడలే. మందు కొట్టల్లంటే పైరుండల్ల గదా."

కాన్పు తర్వాత కొందరికి గుండె బలహీనపడుతుంది, అదే అయి ఉంటుందని డాక్టరు అనుకున్నారు. తిండి తిన్నాక గుండెకు భారం పెరిగి ఇలా అవుతుందేమోనన్నారు. పెద్ద ఆసుపత్రికి పంపుదామంటే దారిలో వస్తే ఎవరు చూస్తారు? అందుకని నన్ను పిలిచి, "రేపు పొద్దున బస్సుకు పో. ఈ గుండె జబ్బుకు ఏ మందు మంచిదో, అది తల్లిపాలలోకి ఎంత దిగుతుందో చూసి ఫోన్ చెయ్యి. నువ్వు చెప్పాకే మొదలుపెడతాను," అన్నారు.

నాకొక అలవాటు ఉండేది. ఎవరి కోసం వెతకబోతున్నానో వాళ్లను వెళ్లేముందు ఒకసారి చూసి, కాసేపు మాట్లాడి వెళ్లేదాన్ని. డాక్టరు ప్రశ్న డాక్టరుది. రోగి దగ్గర ఇంకో ప్రశ్న ఉంటుంది. వెళ్లి మంచం మీద కూర్చున్నాను. నాగరత్న చేయి నా చేతిలోకి తీసుకుంటే గోళ్ల సందుల్లో బూడిదరంగు పొడి కనిపించింది.

"ఏందిది?"

"ఇత్తనాలకి పట్టించే పొడక్కా. ఎంత కడిగినా పోలే."

"నువ్వా పట్టించేది? బాలింతవి?"

హనుమక్కకు రోషం వచ్చింది. "చేనికి పంపలేదు గదమ్మా! ఎండలోకి పోనీలే, బిందె ఎత్తనీలే. తలుపేసుకోని, గాలి తగలకుండా, ఇంట్లో కూర్చోని కలిపే పనే గదా. మబ్బు పట్టినప్పుడల్లా రవ్వంత కలిపి పెట్టుకుంటిమి. వాన పడినాక కలుపుతామంటే పదును ఆరిపోతాది."

ఆమె చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. మా వైపు ఏ ఇంట్లోనైనా అంతే. నేల తడి ఉండగానే విత్తనం పడాలి, కాబట్టి ముందే ఒలిచి, పొడి పట్టించి సిద్ధంగా పెట్టుకుంటారు. బరువు పని చేయలేని వాళ్లకు ఆ పని ఇవ్వడం ప్రేమతోనే ఇస్తారు. పురుగుల మందు అంటే పైరు మీద కొట్టేది, వాసన వచ్చేది. ఇది విత్తనంతో కలిసిపోయే పొడి, ఇది దాంట్లోకి రాదు. తిప్పేస్వామి డాక్టరుతో అబద్ధం చెప్పలేదు.

"ఆ పొడి పేరేంది తిప్పేస్వామీ?"

పేరు చెప్పలేక, నడుముకు దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీశాడు. అది ఆ పొడి వచ్చిన కవరే. దాంట్లో తమలపాకులు, వక్క పెట్టుకుని ఉన్నాడు.

"ఓరి నీ తెలివి తెల్లారా! దీంట్లోనా వక్కాకు పెట్టుకునేది?"

"మంచి కవరక్కా, నీళ్లు దిగవు," అన్నాడు సిగ్గుపడుతూ.

ఆకులు పారేయించి, కవరు కాగితంలో చుట్టి నా సంచిలో వేసుకున్నాను. అప్పటికి నాకు ఏ అనుమానమూ లేదు. తెలియని పేరు కనిపిస్తే వదిలిపెట్టబుద్ధి కాదు, అంతే.

ఎక్కువ దొరకడం కూడా ప్రమాదమే

లైబ్రరీలో కంప్యూటరు ఒకటే. డాక్టరీలో పై చదువులు చదివే పిల్లలు వరసలో ఉండేవాళ్లు. నా వంతు వచ్చాక డాక్టరు అడిగిన ప్రశ్నే ముందు వేశాను. కాన్పు, గుండె బలహీనత, మందులు, తల్లిపాలు. వ్యాసాలు తెర నిండా దిగాయి. ఏ మందు, ఎంత మోతాదు, పాలలోకి ఎంత, అన్నీ ఉన్నాయి. గబగబా రాసుకున్నాను. పని అయిపోయింది, మధ్యాహ్నం బస్సు అందుకోవచ్చు అనుకున్నాను.

లేవబోతూ ఒక వ్యాసం లోపల రోగి వర్ణన చదివాను. ఆయాసం రోజంతా ఉంటుంది, పడుకుంటే ఎక్కువవుతుంది, కాళ్లు వాస్తాయి. మా అమ్మాయి పొద్దున ఇడ్లీ తిన్నది. కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. గంట ముందు బాగుంటుంది, గంట తర్వాత బాగుంటుంది, మధ్యలోనే చావు దాకా పోయి వస్తుంది. ఇన్ని వ్యాసాల్లో ఒక్కటి కూడా ఆమెను గురించినది కాదు. నేను రాసుకున్న మందుల్లో ఒకటి రక్తపోటును ఇంకా దించేది. అది చూసి దాని మీద అడ్డంగా గీత కొట్టాను. ఏమీ దొరక్కపోతే మనిషి అనుమానపడుతుంది. తప్పు ప్రశ్నకు బోలెడు జవాబులు దొరికితే సంతోషంగా లేచి ఇంటికి పోతుంది.

మళ్లీ కూర్చున్నాను. వెనక నిలబడ్డ కుర్రాడు గట్టిగా నిట్టూర్చాడు. "నిట్టూర్చు నాయనా, నీకు పరీక్ష పోతుంది, నాకు మనిషి పోతుంది," అని మనసులో అనుకుని కవరు తీశాను.

కంపెనీ పేరు కొడితే ఏమీ రాలేదు. రాదని తెలుసు. చిన్న అక్షరాల్లో అసలు పేరు ఉంది, థైరామ్. అది కొడితే వచ్చాయి: విత్తనాల బూజు, ఎలుకల మీద పరీక్షలు, రబ్బరు గ్లవుసుల వల్ల చేతులకు దద్దుర్లు. దానికి బాలింత అనే మాట కలిపితే సున్నా. గుండె అనే మాట కలిపితే పనికొచ్చేది ఒక్కటీ లేదు. దొరకలేదు. ఆ మాట నా నోట్లోకి వచ్చేసింది. గడియారం చూశాను. ఆసుపత్రిలో మధ్యాహ్నం భోజనం వేళ దగ్గర పడుతోంది. తిన్న గడియకే వస్తాది అన్న హనుమక్క గొంతు చెవిలో మోగింది.

ఇలాంటప్పుడు చేయాల్సింది ఒకటుంది. రోగిని వదిలి, మందు ఏ ఇంటిదో చూడాలి. ఆ డేటాబేసులో ప్రతి మందునూ దాని కుటుంబం కింద పెట్టి ఉంచుతారు. ఒక మందు గురించి ఎవరూ రాయకపోయినా, దాని అన్నదమ్ముల గురించి రాసి ఉండొచ్చు. థైరామ్ ఏ శీర్షిక కింద ఉందో తెరిచాను. అదే శీర్షిక కింద, ఇంకో కొమ్మలో ఉన్న పేరు చూడగానే గుర్తుపట్టాను. మా ఆసుపత్రిలో నా చేత్తో ఇచ్చిన బిళ్ల, డైసల్ఫిరామ్. తాగుడు మాన్పించడానికి ఇచ్చేది. అది మింగినవాడు ఆ తర్వాత సారాయి ముట్టుకుంటే, ఒంట్లో సారాయి పూర్తిగా విరగకుండా సగంలో ఆగి విషమవుతుంది. మొహం కందిపోతుంది, గుండె దడ, వాంతి, రక్తపోటు పడిపోవడం. ఆ బిళ్ల ఇచ్చేటప్పుడు తాగితే చచ్చిపోతావురా అని ఎంతమందికి చెప్పి ఉంటానో!

ఇప్పుడు ఆ కుటుంబం పేరుకు మద్యం అనే మాట కలిపి వెతికాను. రబ్బరు ఫ్యాక్టరీల్లో ఆ జాతి రసాయనాలతో పనిచేసేవాళ్లు సాయంత్రం తాగితే ఇలాగే పడిపోతారని ఎప్పుడో గమనించి రాశారు. నాగరత్నను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టుంది. అంతా సరిపోయింది, ఒక్కటి తప్ప. ఆ పిల్ల సారాయి వాసన కూడా ఎరగదు. పావగడ తాలూకాలో ఒక బాలింతను నువ్వు తాగుతావా అని అడిగే ధైర్యం ఏ డాక్టరుకుంది?

అప్పుడు గుర్తొచ్చింది. బాలింతకి పెట్టల్సినవన్నీ పెడతానే ఉండా. నాకు కాన్పయినప్పుడు మా అమ్మ కూడా పెట్టింది. మూలికలు దంచిన కాయం, మిరియాలు, వెల్లుల్లి, రెండు పూటలా అన్నం తిన్న వెంటనే చిన్న గిన్నెతో అరిష్టం. ఏ ఆయుర్వేదం అంగట్లోనైనా దొరికే నల్లటి సీసా. అది పులియబెట్టి చేసేది. దాంట్లో సారా దానంతట అదే పుడుతుంది. మా వైపు ఎవరూ దాన్ని తాగడం అనరు, అది మందు. నేను కూడా ఏనాడూ అనుకోలేదు.

కుర్చీ వెనక్కి తోసి పరిగెత్తాను. కవరు బల్ల మీదే ఉండిపోయింది.

ఫోన్

రోడ్డవతల ఎస్టీడీ బూత్. లైను ఒక పట్టాన కలవలేదు. కలిశాక పెద్దడాక్టరే ఎత్తారు. ఆయన గది వార్డును ఆనుకునే ఉంటుంది. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను.

"సారాయా? పొద్దున మళ్లీ అన్నీ అడిగానమ్మా. అదొక్కటీ అడిగితే ఆ ముసలామె నన్ను కొట్టబోయింది."

"తాగుతుందా అని అడగొద్దు సార్. తిన్నాక ఏం తాపుతున్నావని అడగండి. మంచం కింద సీసా ఉందేమో చూడండి. అరిష్టం సార్!"

ఆయన గొంతు మారిపోయింది. "అరిష్టం సంగతి నాకు తెలియదు. ఇందాక ఆ ముసలామె నా గది ముందునుంచే పోయింది. కోడలికి ఒళ్లు చల్లబడుతోంది, వేడి చేయాలి, కొడుకు చేత బ్రాందీ తెప్పించినా అని నర్సుతో చెప్తూ ఉంది. నేను పట్టించుకోలేదు..."

రిసీవరు బల్ల మీద పడిన చప్పుడు. ఆయన చెప్పులు, తలుపు. దూరంగా ఆయన అరుపు: "తాపొద్దు! ఏయ్, తాపొద్దు!" ఏదో గిన్నె నేల మీద పడి దొర్లింది. ఆడవాళ్ల అరుపులు. పిల్లవాడి ఏడుపు మొదలై, ఆగకుండా సాగింది. నేను హలో, హలో అంటూనే ఉన్నాను. లైను తెగిపోయింది.

మళ్లీ చేస్తే ఎంగేజ్. మళ్లీ చేశాను, ఎంగేజ్. కాసేపటికి అర్థమైంది, ఆ రిసీవరు బల్ల మీదే ఉంది, దాన్ని తిరిగి పెట్టే తీరిక అక్కడ ఎవరికీ లేదు. బూత్ వాడు నా మొహం చూసి స్టూలు జరిపి కూర్చోమన్నాడు. కూర్చోలేదు. బస్టాండుకు పోయాను.

పదును

మధుగిరి దాటాక వాన మొదలైంది. మామూలు వాన కాదు, నేల నిండే వాన. బస్సులో జనం కిటికీల్లోంచి చేతులు బయటపెట్టి తడుపుకున్నారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ముసిముసిగా నవ్వుతూనే ఉన్నాడు.

"పదునైపోయిందమ్మా! రేపు తెల్లారేకి ఇత్తనానికి గొర్రు కట్టల్ల. ఇంట్లో అందురూ ఇత్తనాల కాడే ఉంటారు ఇప్పుడు. నీదే ఊరు? అట్ల ఏడుస్తా ఉండావేంది తల్లీ, వానొస్తే?"

ఏం చెప్పను? నా జీవితంలో వాన చూసి భయపడింది ఆ ఒక్క రోజే. దారి పొడుగునా పల్లెలు వస్తున్నాయి. అరుగుల మీద, తలుపు తీసి ఉన్న నడవల్లో ఆడవాళ్లు, పిల్లలు కుప్పల చుట్టూ కూర్చుని వట్టి చేతులతో విత్తనం కలుపుతున్నారు. ఎవరి ముక్కుకూ గుడ్డ లేదు. మగవాళ్లు రాత్రికి సారాయి అంగడి దగ్గరికి పోతారు. ఎవరైనా పడిపోతే కల్తీ సారాయి అంటారు. నేను ఒక్కదాన్ని బస్సు దిగి ఎంతమందికి చెప్పగలను? పెద్దాయనకు మాత్రం చెప్పాను. చేతులు కడుక్కోమని చెప్పండి, ఆ పొడి ముట్టుకున్న వాళ్లు కొన్నాళ్లు తాగకూడదు అన్నాను. ఆయన మర్యాదగా విని, "అట్లనేమ్మా," అని మళ్లీ వాన చూస్తూ కూర్చున్నాడు.

వార్డు

దీపాలు పెట్టే వేళకు చేరాను. తడిసిన చీరతోనే వార్డులోకి పోయాను. మంచం దగ్గర డాక్టరు, ఇద్దరు నర్సులు. నాగరత్న కళ్లు మూసుకుని ఉంది. ముక్కుకు ఆక్సిజన్, చేతికి సెలైన్.

"రెండు గుక్కలు దిగాయి," అన్నారు డాక్టరు. "మిగతాది నేల మీద పోయింది. గంట కింద కూడా నాడి అందలేదు. ఇప్పుడు నిలబడింది. నిలబడుతుంది."

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. బస్సులో ఆగిన ఏడుపు మళ్లీ వచ్చింది. డాక్టరు అంతకుముందెప్పుడూ చేయని పని చేశారు, నా కోసం కాఫీ తెప్పించారు. చేతులు గోళ్ల దాకా రుద్ది కడిగించాననీ, తలంటి పోయిస్తామనీ, సీసా తన గదిలో పెట్టి తాళం వేశాననీ చెప్పారు. మంచం కింద నిజంగానే నల్లటి సీసా ఉంది. మూడు వంతులు ఖాళీ. కోడలికి బాగాలేని కొద్దీ హనుమక్క గిన్నె పెంచుతూ పోయింది.

మర్నాడు నాగరత్న లేచి పిల్లవాణ్ని అడిగింది. డాక్టరు వాణ్ని ముందే పరీక్షించి ఏ లోటూ లేదన్నారు. ఆ తర్వాత ఆమెకు ఒక్కసారి కూడా రాలేదు.

హనుమక్కకు విడమరిచి చెప్పే పని నాకు పడింది. వరండాలో కూర్చోబెట్టి, ఆ పొడి సంగతి, అరిష్టంలో ఏముంటుందో, రెండూ ఒంట్లో కలిస్తే ఏమవుతుందో చెప్పాను. నీ తప్పేమీ లేదు, చదువుకున్న నాకే తెలియదు అని కూడా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అంత పొడుగు మనిషి కుదించుకుపోయి, నా మొహం వైపు చూడకుండా అడిగింది.

"మందులమ్మా, మా పెద్దకోడలు గూడా బాలింతగానే పోయినాది. అప్పుడు గూడా ఇత్తనాల కాలమే. ఇట్లనే మొగం కందిపోయినాది. ఈ పిల్లకి మాదిరే దానికి గూడా తలుపేసి కూర్చోబెడితి, నేనే తాపితి. గాలి సోకినాదన్నారు. చెప్పు తల్లీ, దాన్ని గూడా నేనే..."

ఈ ఉద్యోగంలో నేను వెతక్కుండా చెప్పిన జవాబు అదొక్కటే. "కాదు హనుమక్కా. అది వేరే జబ్బు. దీనికీ దానికీ సంబంధం లేదు," అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. ఏ ఏడు, ఎన్ని రోజులు, ఏం తాగింది అని ఒక్క మాట కూడా అడగలేదు. అడిగితే ఏం తేలుతుందో నాకు తెలుసు.

ఆమె తలూపింది. లేచి లోపలికి నడిచింది. నేను వెనకే వెళ్లాను. నాగరత్నకు గంజి వేళయింది. ఎప్పటిలాగే నర్సు గ్లాసు తెచ్చి హనుమక్కకు అందించబోయింది. హనుమక్క రెండు చేతులూ కొంగులో దాచుకుని వెనక్కి జరిగింది.

"నువ్వే తాపుమ్మా," అంది.